పసుపు మీద అమెరికా పేటెంటు: వాట్సాపులో చెప్పేది ఎంత, జరిగింది ఎంత

ఈసారి పోస్టు బాగా పెద్దది. పని అంతా అయ్యాక, సాయంత్రం మంచం మీద కూర్చుని తీరిగ్గా చదవండి.

మనందరికీ ఏడాదికి నాలుగుసార్లు వచ్చే ఫార్వర్డు ఒకటి ఉంది. "అమెరికా వాడు మన పసుపుకి పేటెంటు తీసుకున్నాడు, ఇక మనం కూరలో పసుపు వేసుకున్నా వాడికి డబ్బు కట్టాలి" అని. నేనూ పాతికేళ్ళు అదే నమ్మా. ఇంకో పదిమందికి చెప్పా కూడా. దుగ్గిరాల యార్డులో టీ కొట్టు దగ్గర కూర్చుంటే ఈ మాట ఎత్తని రోజు ఉండేది కాదు. అసలు సంగతి ఏంటో చూద్దామని ఎప్పుడూ అనిపించలా. చూడాల్సిన అవసరం నా నెత్తి మీదకి వచ్చాకే చూశా.

పోయిన ఏడాది సంక్రాంతికి ముందు మా ఇంటికి రిజిస్టరు పోస్టు ఒకటి వచ్చింది. బ్యాంకు నుంచేమో అనుకుని మా ఆవిడ సంతకం పెట్టి తీసుకుంది. విప్పి చూస్తే లాయరు నోటీసు. సంగతేంటంటే, మా ఊళ్ళో నలుగురం రైతులం కలిసి మూడేళ్ళుగా మా పసుపు మేమే పొడి పట్టించి అర కిలో, కిలో ప్యాకెట్లుగా అమ్ముతున్నాం. యార్డులో కొమ్ములు అమ్మితే వచ్చేదానికీ, పొడి అమ్మితే వచ్చేదానికీ ఎంత తేడా ఉండిద్దో మీకు చెప్పక్కర్లా. ఫుడ్డు లైసెన్సు తీసుకున్నాం. కవరు మీద బరువు, తేదీ, రేటు అన్నీ పద్ధతి ప్రకారం అచ్చు వేయించాం. పేరు మాత్రం మాకు తోచింది పెట్టాం. ఆ పేరు తమదనీ, కవరు మీద బొమ్మ కూడా తమ బొమ్మలాగే ఉందనీ, పదిహేను రోజుల్లో ఆపకపోతే నష్టపరిహారానికి కోర్టుకి పోతామనీ ఆ నోటీసు. అప్పటికి మా దగ్గర అచ్చయిన కవర్లు ఆరు వేలు ఉన్నయి.

ఊళ్ళో తలా ఒక మాట. ఒకాయన "పేరుకి పేటెంటు ఉండిద్దిరా, నువ్వు చేయించుకోలా" అన్నాడు. ఇంకొకాయన "కాపీరైటు కేసు, జైలు కూడా" అన్నాడు. టౌనులో ఒక ఏజెంటు "ముప్పై అయిదు వేలు ఇవ్వండి బాబాయ్, మీ పసుపుకి పేటెంటు తెప్పిస్తా, అప్పుడు వాళ్ళే మీకు కట్టాలి" అన్నాడు. ఆ మాటతోనే నాకు అనుమానం వచ్చింది. పసుపుకి పేటెంటు వచ్చేదే అయితే, అమెరికా వాడికి ఇచ్చినప్పుడు మన దేశం ఎందుకు పోట్లాడింది? మన వాడికి ఇస్తే మాత్రం ఒప్పా? నేను ఇంటర్ దాకా చదివినోణ్ణి. ఫోన్లో వెతకడం ఈమధ్యే నేర్చుకున్నా. నెల రోజులు రాత్రిపూట కూర్చున్నా. ఇంగ్లీషు అర్థంకాని చోట మా మేనల్లుడు చెప్పాడు. ఆ తెలుసుకున్నదే ఇది.

ముందు ఆ ఫార్వర్డు సంగతి. పేటెంటు నిజమే. నంబరు 5,401,504. ఇచ్చింది 1995 మార్చి 28న. తీసుకున్నది కంపెనీ కాదు, అమెరికాలో మిసిసిపి విశ్వవిద్యాలయం వాళ్ళ వైద్య కేంద్రం. దరఖాస్తులో కనిపెట్టినవాళ్ళుగా ఉన్న పేర్లు చూసి నేను ఆశ్చర్యపోయా: సుమన్ దాస్, హరిహర్ కోహ్లీ. అమెరికాలో పనిచేస్తున్న మన సంతతి వాళ్ళే. "తెల్లవాడు దోచుకున్నాడు" అని మనం తిట్టినన్నాళ్ళూ ఆ కాగితం మీద ఉన్నవి మన పేర్లు.

ఆ పేటెంటు కాగితం మీరూ చూడొచ్చు. గూగుల్లో పేటెంట్ల కోసం వేరే పేజీ ఉంది, ఉచితం. అందులో ఆ నంబరు కొడితే మొత్తం వచ్చిద్ది. నేను మొదటి రెండు రోజులూ పైనుంచి కింద దాకా చదువుతూ పోయి ఏమీ అర్థంకాక వదిలేశా. తర్వాత తెలిసింది: పేటెంటు కాగితంలో ముందు చూడాల్సింది పేరూ కాదు, సారాంశమూ కాదు. క్లెయిములు అని చివర్లో అంకెలు వేసి ఉంటయి, అవి. పొలం దస్తావేజులో ఊరి పేరూ, తాతల పేర్లూ ఎన్ని రాసినా అసలు విషయం సర్వే నంబరూ హద్దులే కదా. క్లెయిములు అంటే ఆ హద్దులు. వాటి లోపలిది వాళ్ళది, బయటిది ఊరిది.

ఈ పసుపు పేటెంటు హద్దులు చూస్తే, అందులో ఉన్నది పసుపు పంట కాదు, పసుపు కొమ్ము కాదు, కూర అసలే కాదు. గాయం మాన్పడానికి పసుపు పొడిని రోగికి ఇచ్చే పద్ధతి. పైన పూసినా, లోపలికి ఇచ్చినా. అంతే. అది కూడా అమెరికాలో మాత్రమే చెల్లుద్ది. ఏ దేశం పేటెంటు ఆ దేశం గట్టు దాటదు. మన ఇంట్లో కూరకి వాడెవడూ డబ్బు అడగలేడు, అప్పుడైనా ఇప్పుడైనా.

అయితే ఏమీ కాదని వదిలేయాల్సిందా అంటే, కాదు. పొలంలో కొడవలి తెగితే మనం ఏం చేస్తాం? పరిగెత్తుకుంటూ వచ్చి వంటింట్లో పసుపు డబ్బా తీసి అద్దుతాం. మా నాయనమ్మ అదే చేసింది, ఆవిడ నాయనమ్మా అదే చేసి ఉండిద్ది. దాన్ని "మేం కొత్తగా కనిపెట్టాం" అంటే, అమెరికా ఆఫీసు ముద్ర వేసి ఇచ్చింది. ఎట్లా ఇచ్చింది? ఇక్కడే నాకు ఈ కథలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి దొరికింది.

పేటెంటు ఇవ్వాలంటే ఆ సంగతి కొత్తది అయి ఉండాలి. అంతకు ముందే లోకానికి తెలిసి ఉండకూడదు. ఏ దేశమైనా ఈ నియమం ఉంది. కానీ "తెలిసి ఉండడం" అంటే ఏంటి అన్నదాంట్లో తేడా. అప్పటి అమెరికా చట్టం ప్రకారం, వాళ్ళ దేశంలో జనానికి తెలిసినా, వాళ్ళ దేశంలో వాడుకలో ఉన్నా, అది పాతదే. బయటి దేశంలో అయితే మాత్రం అచ్చులో ఉండాలి, లేదా అక్కడ పేటెంటు అయి ఉండాలి. అంటే కోట్ల మంది మన ఆడవాళ్ళు వేల ఏళ్ళుగా చేస్తున్న పని ఆ చట్టం కంటికి ఆనదు. పుస్తకంలో ఒక పేజీ ఉంటే ఆనుద్ది. మా నాయనమ్మ చదువుకోలా. ఆవిడకి తెలిసింది ఆ లెక్కలో తెలివి కిందకి రాదు. ఈ నియమం అమెరికా 2011లో చట్టం సవరించి మార్చుకుంది, 2013 మార్చి నుంచి అమలు. ఇప్పుడు ఏ దేశంలో వాడుకలో ఉన్నా పాతదే. 1995లో మాత్రం అది లేదు.

అప్పుడు మన కేంద్ర ప్రభుత్వ శాస్త్ర పరిశోధన మండలి, సీఎస్ఐఆర్ అంటారు, దానికి అధిపతి రఘునాథ్ మషేల్కర్. 1996లో వాళ్ళు అమెరికా పేటెంటు ఆఫీసుకి, ఇది మళ్ళీ పరిశీలించండి అని దరఖాస్తు పెట్టారు. కోర్టు కేసు కాదది, ఆఫీసులోనే తిరిగి చూడమనడం. మరి పసుపు సంగతి మనకి తెలుసు, వాళ్ళకి చూపించడానికి కాగితం కావాలిగా? వెతకడం మొదలుపెట్టారు. సంస్కృతం, ఉర్దూ, హిందీ పుస్తకాలు తిరగేశారు. మొత్తం 32 ఆధారాలు దొరికినయి, కొన్ని నూరేళ్ళు దాటినవి. భారత వైద్య సంఘం పత్రికలో 1953లో అచ్చయిన వ్యాసం కూడా అందులో ఉంది. ఊరూరా, ఇంటింటా ఉన్న సంగతికి కాగితాలు 32.

అవతల వాళ్ళు ఊరుకోలా. "మీ పుస్తకాల్లో ఉన్నది పసుపు ముద్ద, మాది పసుపు పొడి. రెండూ శరీరంలోకి ఇంకే తీరు వేరు" అని వాదించారు. ఇది చదివి నేను ఒక్కణ్ణే గట్టిగా నవ్వా, మా ఆవిడ లేచి ఏమైందని అడిగింది. పొడికి నీళ్ళు కలిపితే ముద్ద, ముద్ద ఎండితే పొడి. కానీ నవ్వులాట కాదది. పేటెంటు తగాదాల్లో ప్రాణం అంతా ఇట్లాంటి చిన్న తేడాల్లోనే ఉండిద్ది. అమెరికా ఆఫీసు ఆ వాదన ఒప్పుకోలా. 1997 ఆగస్టులో క్లెయిములు కొట్టేసింది. మరుసటి ఏడు 1998లో ఆఖరి కాగితం ఇచ్చి ఫైలు మూసింది.

అంటే ఆ ఫార్వర్డులో ఉన్న పేటెంటు పోయి పాతికేళ్ళు దాటింది. మనం ఇంకా దాన్ని పంపించుకుంటూనే ఉన్నాం.

దీని పక్కనే వేప కథ పెట్టి చూడాలి, అప్పుడు చట్టాల తేడా తెలుస్తది. యూరపు పేటెంటు ఆఫీసు 1994లో డబ్ల్యూ ఆర్ గ్రేస్ అనే అమెరికా కంపెనీకి, అమెరికా వ్యవసాయ శాఖకి కలిపి ఒక పేటెంటు ఇచ్చింది. వేపనూనెతో మొక్కల మీద బూజు తెగుళ్ళు ఆపే పద్ధతి. మన వందనా శివ, యూరపు పార్లమెంటులో హరిత పక్షం తరఫున మగ్దా ఆల్‌వోట్, సేంద్రియ రైతు సంఘాల అంతర్జాతీయ సమాఖ్య తరఫున లిండా బుల్లార్డ్, ఈ ముగ్గురు ఆడవాళ్ళు 1995లో అభ్యంతరం వేశారు. యూరపు చట్టంలో ప్రపంచంలో ఎక్కడ బహిరంగంగా వాడినా అది పాతదే, అచ్చులో ఉండాలన్న పట్టింపు లేదు. అందుకని అక్కడ మనిషి సాక్ష్యం చెల్లింది. పేటెంటుకి దరఖాస్తు పడకముందే ఆ రకం వేప సారం తయారుచేసిన అభయ్ ఫడ్కే అనే మన దేశపు ఫ్యాక్టరీ యజమాని వెళ్ళి చెప్పాడు. 2000 మే 10న పేటెంటు రద్దయింది. కంపెనీ అప్పీలు చేసింది, అదీ 2005 మార్చి 8న కొట్టేశారు. లెక్కేసుకోండి, అభ్యంతరం వేసింది 1995లో, తేలింది 2005లో. పదేళ్ళు. ఒక్క కాగితం మీద.

అదే కంపెనీకి వేపగింజ సారం చెడిపోకుండా నిలవ ఉంచే పద్ధతి మీద అమెరికాలో ఉన్న పేటెంటు మాత్రం పోలేదు. నిలవ ఉంచే పద్ధతి మన దగ్గర అచ్చులోనూ లేదు, మన ఊళ్ళల్లో కషాయం ఏ రోజుకి ఆ రోజే వాడతాం కదా. నాకైతే ఇది అన్యాయం అనిపించలా. మనకి తెలిసింది మనది, వాడు నిజంగా కొత్తగా చేసింది వాడిది. ఇది చెప్తే మా వాళ్ళకి కోపం వచ్చుద్ది, కానీ నా అభిప్రాయం అదే.

బాస్మతి సంగతి రెండు మాటల్లో చెప్తా, మనది సాంబ మసూరి ప్రాంతం కాబట్టి. టెక్సాస్‌లోని రైస్‌టెక్ అనే కంపెనీకి 1997 సెప్టెంబరులో బాస్మతి రకాల మీద 20 క్లెయిములతో పేటెంటు వచ్చింది. మన ప్రభుత్వం 2000లో అడ్డం తిరిగింది. కంపెనీ కొన్ని తానే వదులుకుంది, కొన్ని ఆఫీసు కొట్టేసింది, చివరికి మిగిలినవి 5, అవీ వాళ్ళు స్వయంగా పెంచిన రకాలకి సంబంధించినవి. పేటెంటు శీర్షికలో బాస్మతి అన్న మాట కూడా పోయింది. బాస్మతి అన్న పేరుకి రక్ష వేరే చట్టంలో, 2016లో వచ్చింది. దాని గురించి కింద చెప్తా.

ఈ మూడు కథల తర్వాత మన ప్రభుత్వం ఒక మంచి పని చేసింది. ప్రతిసారీ పుస్తకాలు పట్టుకుని పరిగెత్తడం కన్నా, మన పాత వైద్య గ్రంథాల్లో ఉన్నది ముందే రాసి పెడితే పోలా అని 2001లో మొదలుపెట్టి సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయం తయారుచేసింది. ఆయుర్వేదం, యునాని, సిద్ధ వైద్యం, యోగా. సంస్కృతం, అరబిక్, పర్షియన్, ఉర్దూ, తమిళం లాంటి భాషల్లో ఉన్నదాన్ని ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్, స్పానిష్, జపనీస్ లోకి మార్చారు. 2009 నుంచి యూరపు ఆఫీసు పరిశీలకులు పేటెంటు ఇచ్చేముందు అందులో వెతుక్కోవచ్చు, తర్వాత మిగతా పెద్ద దేశాల ఆఫీసులకీ ఇచ్చారు. గ్రంథాల్లో ఉన్నది సరే. గ్రంథాల్లోకి ఎక్కని మన రైతు పద్ధతుల సంగతి ఏంటి? విత్తనం కొమ్ము నిలవ చేసే తీరు, లంక భూమిలో కాలువ తీసే తీరు? అది నన్ను ఇంకా తొలుస్తానే ఉంది.

ఇప్పుడు నా నోటీసు దగ్గరికి వద్దాం. మూడు మాటలు కలిపేసి మాట్లాడతాం కదా, పేటెంటు, ట్రేడ్‌మార్కు, కాపీరైటు. అవి మూడూ మూడు వేరు వేరు పొలాలు, పట్టాలు వేరు.

పేటెంటు కొత్త వస్తువుకో, కొత్త పద్ధతికో ఇచ్చేది. మన దేశంలో 20 ఏళ్ళు. ఆ గడువు అయ్యాక ఎవరైనా వాడుకోవచ్చు. బదులుగా వాళ్ళు ఎట్లా చేశారో మొత్తం కాగితం మీద రాసి ఇవ్వాలి, దాచకూడదు. ఒకరకంగా కౌలు, గడువు తీరగానే భూమి ఊరికి. ఇటలీలో వెనిస్ నగరం 1474లోనే దీనికి చట్టం రాసుకుంది. ఇంగ్లండులో రాజుగారు తనకి ఇష్టమైనవాళ్ళకి ఉప్పూ సబ్బూ కూడా గుత్తకి ఇచ్చేస్తుంటే, పార్లమెంటు 1624లో అడ్డుకట్ట వేసి, కొత్తగా కనిపెట్టిన వాటికి మాత్రం 14 ఏళ్ళు అని ఉంచింది. మన దేశానికి ఇది 1856లో వచ్చింది. మొదటి దరఖాస్తు ఎవరిదో తెలుసా? కలకత్తాలో డిపెన్నింగ్ అనే ఇంజినీరుది, పంకా లాగే యంత్రం. దొరలు నిద్రపోతుంటే తాడు పట్టుకుని పంకా లాగే కూలివాడి బదులు యంత్రం. మన దేశపు పేటెంట్ల చరిత్ర కూలీల ఖర్చు తగ్గించే యంత్రంతో మొదలైందని చదివాక, మొన్న మా ఊరికి వచ్చిన పసుపు తవ్వే మిషను గుర్తొచ్చింది.

స్వాతంత్ర్యం వచ్చాక జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ 1959లో ఒక నివేదిక ఇచ్చారు. మన దేశంలో ఉన్న పేటెంట్లలో ఎక్కువ భాగం విదేశీయులవే, వాటిలోనూ చాలావరకు ఇక్కడ వాడకుండా ఊరికే పట్టుకు కూర్చున్నారని తేల్చారు. దానిమీదే 1970 చట్టం వచ్చింది. మనకి కావాల్సింది అందులో మూడో సెక్షను. వ్యవసాయ పద్ధతికి పేటెంటు ఇవ్వరు. మొక్కలకి, విత్తనాలకి, రకాలకి ఇవ్వరు. సంప్రదాయ జ్ఞానానికి ఇవ్వరు. ఈ చివరి రెండూ 2002 సవరణతో స్పష్టంగా రాశారు. కాబట్టి "మీ పసుపుకి పేటెంటు తెప్పిస్తా" అన్న ఏజెంటు సంగతి మీకు అర్థమయ్యే ఉండిద్ది. ముప్పై అయిదు వేలు మిగిలినయి, అది ఈ చదువు వల్ల నాకు వచ్చిన మొదటి ఆదాయం.

విత్తనానికి పేటెంటు లేదు గానీ, విత్తనంలో దూర్చిన జన్యువు సంగతి వేరు. పత్తి వేసినవాళ్ళకి గుర్తుండే ఉండిద్ది, బీటీ పత్తి వచ్చిన కొత్తల్లో 450 గ్రాముల ప్యాకెట్టు 1,600 పైనే ఉండేది, అందులో పెద్ద భాగం ఆ జన్యువు తాలూకు రుసుమే. 2006లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే గుత్తాధిపత్యాల కమిషను ముందుకి వెళ్ళింది, ఆ ఏడే రేటు 750కి దిగింది. ఆ జన్యువు పేటెంటు చెల్లుద్దా లేదా అని మోన్‌శాంటోకీ మన హైదరాబాదు కంపెనీ నూజివీడు సీడ్స్‌కీ మధ్య కేసు నడిచింది. 2018లో ఢిల్లీ హైకోర్టు చెల్లదు అంటే, 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పు పక్కన పెట్టి మళ్ళీ విచారణ చేయమంది. తర్వాత వాళ్ళూ వాళ్ళూ రాజీ పడ్డారు. రాజీ పడితే తీర్పు రాదు, మన ప్రశ్నకి జవాబు అక్కడే ఆగిపోయింది.

విత్తనాలకి వేరే చట్టం ఉంది, 2001 నాటిది, మొక్కల రకాల రక్షణ, రైతు హక్కుల చట్టం. దీన్ని మాత్రం ప్రతి రైతూ తెలుసుకోవాలి. రిజిస్టరు అయిన రకమైనా సరే, పండించిన గింజ దాచుకోవచ్చు, మళ్ళీ వేసుకోవచ్చు, పక్కవాడికి ఇవ్వొచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. ఒక్కటే షరతు: ఆ రకం పేరుతో లేబులు వేసి ప్యాకెట్టు కట్టి అమ్మకూడదు. 39వ సెక్షను. 2019లో గుజరాత్ సాబర్‌కాంఠాలో ఆలుగడ్డ రైతుల మీద పెప్సీకో ఒక్కొక్కరి మీద కోటి పైన నష్టపరిహారానికి కేసు వేసినప్పుడు దేశమంతా ఈ సెక్షను గురించే మాట్లాడింది. గొడవ అయ్యేసరికి మే నెలలో కేసులు వెనక్కి తీసుకున్నారు. ఆ రకం రిజిస్ట్రేషనే తప్పని కవితా కురుగంటి గారు దరఖాస్తు వేస్తే 2021 డిసెంబరులో రద్దయింది. అయితే ఇక్కడితో ఆపేసి "రైతు గెలిచాడు" అని పెట్టే పోస్టులు నమ్మొద్దు. 2024 జనవరిలో ఢిల్లీ హైకోర్టు ఇద్దరు జడ్జీల బెంచి ఆ రద్దునే కొట్టేసింది. రిజిస్ట్రేషను తప్పా ఒప్పా అన్న తగాదా అది. సెక్షను 39 మాత్రం పుస్తకంలో అట్లాగే ఉంది. ఇంకో మాట, మీ ఇంట్లో తాతల నాటి రకం ఏదైనా ఉంటే రైతు రకంగా మీ పేరున రిజిస్టరు చేయించుకోవచ్చు, రైతుకి రుసుము లేదు.

కాపీరైటు రాసినదానికి, గీసినదానికి, పాడినదానికి, తీసిన వీడియోకి. 1957 చట్టం. రిజిస్టరు చేయించకపోయినా రాసిన క్షణం నుంచే హక్కు పుట్టుద్ది, రాసినాయన పోయాక 60 ఏళ్ళ దాకా వారసులకి ఉండిద్ది. కవరు మీద బొమ్మ దీని కిందకే వచ్చుద్ది. మా కవరు బొమ్మ ప్రింటింగు ప్రెస్సు కుర్రాడు వేశాడు. ఎక్కడనుంచి తెచ్చావురా అని అడిగితే "నెట్లోనుంచే తీశా బాబాయ్" అన్నాడు. ఇంకేం చెప్పేది. నోటీసులో ఆ ముక్క నిజమే అన్నమాట.

ఇక పేరు. పేరుకి పేటెంటు ఉండదు, ట్రేడ్‌మార్కు ఉండిద్ది. పదేళ్ళకి ఇస్తారు, పదేళ్ళకోసారి డబ్బు కట్టి ఎన్నాళ్ళైనా పొడిగించుకోవచ్చు. పశువుకి వేసే ముద్ర లాంటిది: ఎవరి దొడ్డిదో చెప్పడానికి. సరుకుల్ని 34, సేవల్ని 11, మొత్తం 45 తరగతులుగా విడగొట్టారు. పసుపు, కారం, మసాలాలు 30వ తరగతి. అదే పేరుతో ఒకడు పైపులు అమ్ముకుంటున్నా మామూలుగా మనకి తగాదా ఉండదు.

ప్రభుత్వం వాళ్ళ వెబ్‌సైటులో ఉచితంగా వెతుక్కోవచ్చు. నేను ముందు చేసిన తప్పు చెప్తా. మా పేరు ఇంగ్లీషులో మేం ఎట్లా రాశామో అట్లాగే కొట్టా. ఏమీ రాలా. సంబరపడిపోయి మిగతా ముగ్గురికీ ఫోను చేసి, నోటీసు అబద్ధం, భయపడాల్సింది లేదని చెప్పా. మర్నాడు మా మేనల్లుడు వచ్చి, ఉచ్చారణ ప్రకారం వెతికే అవకాశం వేరే ఉంది మామా అని చూపించాడు. తెలుగు మాటని ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాస్తామో మీకు తెలుసుగా, ఒకడు ఒక అక్షరం పెడితే ఇంకొకడు రెండు పెడతాడు. అట్లా వెతికితే వచ్చింది. అదే పేరు, 30వ తరగతి, రిజిస్టరు అయింది అని ఉంది. వాళ్ళు ఆ పేరు వాడుతున్నది మాకన్నా ఎనిమిదేళ్ళు ముందు నుంచి. మాటలో ఒక అక్షరం తేడా ఉందని వాదిద్దామా అంటే, చట్టం చూసేది అక్షరం కాదు, కొనేవాడు పొరబడతాడా లేదా అని. కొట్టులో ఆ పేరు చెప్పి అడిగితే ఏ ప్యాకెట్టు ఇస్తాడు? మేమే నవ్వుకున్నాం.

మేం ముందునుంచి వాడుతూ ఉండి, వాళ్ళు తర్వాత వచ్చి రిజిస్టరు చేసుకుని ఉంటే కథ వేరే. ముందు వాడినవాడికి మన చట్టం రక్ష ఇస్తది. అందుకే మొదటి రోజు నుంచి బిల్లులు, ప్రెస్సు రసీదులు, ఫొటోలు దాచుకోండి. మా విషయంలో అది కూడా లేదు, వాళ్ళే ముందు. ఒక లాయరుగారితో జవాబు రాయించాం, ఉన్న సరుకు అమ్ముకోవడానికి రెండు నెలలు గడువు అడిగితే వాళ్ళు ఒప్పుకున్నారు. ఆరు వేల కవర్లలో సగం పైనే మిగిలిపోయినయి. మా దొడ్లో ఇప్పటికీ ఉన్నయి, కోళ్ళ గూడు కప్పుకి పనికొచ్చినయి. మూడేళ్ళుగా ఆ పేరు చెప్పి అడుగుతున్న వాడుకదార్లు పోయారు చూడండి, ఆ నష్టం కవర్ల నష్టం కన్నా పెద్దది.

ఊరి పేరు పెట్టుకుందాం అని ఒక రైతు అన్నాడు. ఊరి పేరు ఒక్కరి సొత్తుగా ఇవ్వరు, అది మామూలుగా ట్రేడ్‌మార్కుకి పనికిరాదు. ఊరి పేరుకి భౌగోళిక గుర్తింపు అని ఇంకో చట్టం, 1999లో చేశారు, 2003 సెప్టెంబరు 15 నుంచి అమలు. డార్జిలింగ్ టీ మొదటిది. మన గుంటూరు సన్నం మిరపకీ, బనగానపల్లె మామిడికీ, బందరు లడ్డూకీ, తాండూరు కందికీ, పోచంపల్లి ఇక్కత్‌కీ ఉంది. పైన చెప్పిన బాస్మతిదీ ఇదే. ఈ గుర్తింపు ఆ ప్రాంతంలో పండించే వాళ్ళందరిదీ, అయితే ఆ పేరు హక్కుగా వాడుకోవాలంటే అధీకృత వినియోగదారుగా ఎవరికి వారు నమోదు చేయించుకోవాలి. మిర్చి రైతులు ఎంతమంది చేయించుకున్నారు? మా చుట్టుపక్కల నేను అడిగినవాళ్ళల్లో ఒక్కరూ లేరు. గుంటూరు సన్నం పేరు కవరు మీద వేసుకుని అమ్మేవాళ్ళు మాత్రం ఎక్కడ చూసినా ఉన్నారు.

మేం నలుగురం మళ్ళీ కూర్చున్నాం. ఈసారి ముందు పేరు వెతికాం, తర్వాతే ప్రెస్సుకి పోతాం. పదకొండు పేర్లు అనుకుంటే తొమ్మిది ముందే ఎవరో ఒకరు తీసుకున్నారు. చిన్న పరిశ్రమగా నమోదు అయితే ఆన్‌లైన్లో ఒక తరగతికి రుసుము 4,500, కాకపోతే 9,000. పరిశీలన అయ్యాక వాళ్ళ జర్నల్‌లో వేస్తారు, నాలుగు నెలల్లో ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే రిజిస్టరు అయిద్ది. అప్పటిదాకా పేరు పక్కన టీఎమ్ అని వేసుకోవచ్చు. సున్నాలో ఆర్ గుర్తు మాత్రం రిజిస్టరు కాకముందు వేయకూడదు, మన దగ్గర చాలా కవర్ల మీద అందం కోసం వేసేస్తుంటారు, చూసుకోండి. బొమ్మ ఈసారి మా మేనల్లుడి కూతురు గీసింది, పసుపు ఆకు, కింద రెండు కొమ్ములు. ఆ కాగితం మీద తేదీ వేయించి దాచా.

కొత్త పేరు ఏంటని కామెంట్లలో అడగొద్దు. దరఖాస్తు నంబరు చేతికి రానీయండి, అప్పుడు చెప్తా.